డాల్‌గ్లీష్ మేనేజర్‌గా కూర్చున్నది వడ్డించిన విస్తరి ముందేనా?

స్కాట్లాండ్ ఫుట్‌బాల్ దిగ్గజం కెన్నీ డాల్‌గ్లీష్ ఆటగాడిగా గొప్పవాడన్న సంగతిని మీరు ఒప్పుకుంటూనే, మేనేజర్‌గా, అంటే జట్టును ఎంచి నడిపించేవాడిగా, ఆయన గెలిచినవన్నీ ఇంగ్లండ్ క్లబ్బులైన లివర్‌పూల్‌లో పూర్వులు తీర్చిదిద్దిన జట్టు వల్ల, బ్లాక్‌బర్న్‌లో యజమాని కుమ్మరించిన డబ్బు వల్ల వచ్చినవే కదా, వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నట్టే కదా అని అడిగారు. ఆయన ఆట అర్థం కావాలంటే ముందుగా ఏ మ్యాచ్ చూడాలో చెప్పమని కూడా అన్నారు. నేను ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. ప్రత్యర్థి గోల్‌కు వీపు పెట్టి బంతి అందుకోవడం ఎలాగో చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ డాల్‌గ్లీష్ పాత మ్యాచ్‌లనే చూపిస్తాను. అలా పదేపదే చూడగా నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, ఆయన మైదానంలో చేసిన పనీ, తర్వాత మైదానం పక్కన నిలబడి చేసిన పనీ ఒక్కటే. బంతి తన దగ్గరికి రాకముందే ఎవరు ఎక్కడ ఉన్నారో, మరుక్షణంలో ఎక్కడ ఉండబోతారో ఆయనకు కనిపించేది. ఆ చూపుతోనే ఆడారు, ఆ చూపుతోనే ఆటగాళ్లను ఎంచుకున్నారు. కాబట్టి మీ ప్రశ్నకు నా సమాధానం ‘కాదు’ అనే. అయితే ఆ విస్తరిలో నిజంగా ఏముందో, ఏది లేదో వివరంగా చూస్తే తప్ప ఈ మాటకు బలం రాదు.

డాల్‌గ్లీష్ 1951 మార్చి 4న గ్లాస్గో నగరంలోని డాల్‌మార్నాక్‌లో పుట్టారు. అక్కడి రెండు పెద్ద క్లబ్బుల్లో రేంజర్స్ ప్రొటెస్టెంట్లది, సెల్టిక్ క్యాథలిక్కులది అన్న విభజన ఇళ్లలోకి, బడుల్లోకి, పెళ్లిళ్లలోకి కూడా పాకిన రోజులవి. ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టి, రేంజర్స్ స్టేడియమైన ఇబ్రాక్స్‌కు దగ్గరలో పెరిగిన ఈ కుర్రవాడు సహజంగానే రేంజర్స్ అభిమాని. బడి జట్టులో మొదట గోల్‌కీపర్‌గా ఆడాడు. 1966లో లివర్‌పూల్‌లోనూ, వెస్ట్‌హామ్‌లోనూ ట్రయల్స్‌కు వెళ్లాడు గానీ అవి ఫలించలేదు. 1967లో సెల్టిక్ మేనేజర్ జాక్ స్టీన్ తన సహాయకుడు షాన్ ఫాలన్‌ను వారి ఇంటికి పంపినప్పుడు, గోడలకు అంటించి ఉన్న రేంజర్స్ ఆటగాళ్ల బొమ్మలను తీసేయడానికి కుర్రవాడు గదిలోకి పరుగెత్తాడన్నది స్కాట్లాండ్‌లో అందరికీ తెలిసిన కథ. ఆ ఏడాది మే 25నే సెల్టిక్ లిస్బన్‌లో ఇంటర్ మిలాన్‌ను ఓడించి, యూరప్ ఛాంపియన్ క్లబ్బుల పోటీ అయిన యూరోపియన్ కప్ గెలిచిన తొలి బ్రిటిష్ క్లబ్బు అయింది. ఆ జట్టులోని వారందరూ గ్లాస్గో చుట్టూ ముప్పై మైళ్ల లోపల పుట్టినవారే.

ఇంతటి జట్టులో పదహారేళ్ల కుర్రవాడికి వెంటనే చోటు ఎక్కడ దొరుకుతుంది? స్టీన్ అతన్ని కంబర్నాల్డ్ యునైటెడ్ అనే చిన్న క్లబ్బుకు పంపించారు. అక్కడ ఒకే సీజన్‌లో 37 గోల్స్ కొడుతూ, మరోపక్క వడ్రంగి పనిలో శిక్షణ పొందుతూ గడిపాడు. తర్వాత సెల్టిక్ రిజర్వు జట్టులో డానీ మెక్‌గ్రెయిన్, లూ మకారి, డేవిడ్ హే వంటివారితో కలిసి ఎదిగాడు. 1968లో సీనియర్ జట్టు తరఫున తొలిసారి ఆడినా, నిలదొక్కుకోవడానికి 1971 దాకా ఆగవలసి వచ్చింది. తొందరపెట్టని గురువు దొరకడం ఎంత అదృష్టమో పిల్లలకు ఆట నేర్పే ప్రతి ఒక్కరికీ తెలుసు. పదిహేడేళ్లకే పెద్ద జట్టులోకి నెట్టబడి, ఇరవై ఒకటికి కనుమరుగైన పిల్లలను నేను చూశాను. డాల్‌గ్లీష్‌ను స్టీన్ నాలుగేళ్లు మాగబెట్టారు.

1971 ఆగస్టులో ఇబ్రాక్స్‌లో రేంజర్స్‌తో లీగ్ కప్ మ్యాచ్ జరిగింది. సెల్టిక్‌కు పెనాల్టీ దొరికింది. సీనియర్లు చుట్టూ ఉండగా, ఆ బాధ్యత ఇరవై ఏళ్ల డాల్‌గ్లీష్ మీద పడింది. ఆయన బంతిని చోటులో పెట్టి, వెంటనే తన్నకుండా, వంగి తీరిగ్గా బూటు లేసు కట్టుకున్నారు. తాను చిన్నప్పుడు ఆరాధించిన క్లబ్బు, దాని అభిమానుల కేకలు, ఎదురుగా గోల్‌కీపర్, ఇవేవీ ఆయన వేళ్లను కదిలించలేదు. లేసు కట్టుకోవడం పూర్తయ్యాక లేచి గోల్ కొట్టారు. పోటీ మ్యాచ్‌లలో సెల్టిక్ తరఫున ఆయనకు అదే మొదటి గోల్. ఎదుటివారి తొందరను తన మీదికి రానివ్వని ఈ గుణమే ఏడేళ్ల తర్వాత లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఒక కప్పు తెచ్చిపెట్టింది.

సెల్టిక్‌లో ఆయన 167 గోల్స్ చేశారు. నాలుగు లీగ్ టైటిళ్లు, నాలుగు స్కాటిష్ కప్పులు, ఒక లీగ్ కప్పు గెలిచారు. 1975లో కెప్టెన్ అయ్యారు. 1977 ఆగస్టులో లివర్‌పూల్ ఆయన కోసం 4,40,000 పౌండ్లు చెల్లించింది. బ్రిటిష్ క్లబ్బుల మధ్య అప్పటికి అదే రికార్డు. అంతకుముందు ఏడు నంబరు జెర్సీ వేసుకున్న కెవిన్ కీగన్ జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుకు వెళ్లిపోయాడు. లివర్‌పూల్ జనం ప్రాణంగా చూసుకున్న ఆటగాడు కీగన్. ఆ జెర్సీ వేసుకుని వచ్చిన కొత్తవాడు మిడిల్స్‌బ్రోతో ఆడిన తన మొదటి లీగ్ మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. సీజన్ ముగిసేసరికి కీగన్ గురించి ఎవరూ బెంగపెట్టుకోలేదు.

మీరు ఆయన ఆటను ఒప్పుకున్నారు గనుక కప్పుల లెక్క త్వరగా ముగిస్తాను: ఆటగాడిగా లివర్‌పూల్‌తో ఆరు లీగ్ టైటిళ్లు, 1978, 1981, 1984 సంవత్సరాల్లో మూడు యూరోపియన్ కప్పులు, వరుసగా నాలుగు లీగ్ కప్పులు, 515 మ్యాచ్‌లు, 172 గోల్స్. స్కాట్లాండ్ తరఫున 102 మ్యాచ్‌లు ఆడారు, అంతకుమించి ఆడినవారు ఆ దేశంలో లేరు. దేశం తరఫున చేసిన 30 గోల్స్‌తో డెనిస్ లా సరసన నిలిచారు. 1974, 1978, 1982 ప్రపంచ కప్పుల్లో ఆడారు. 1983లో యూరప్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ పురస్కారానికి మిషెల్ ప్లాటినీ తర్వాత రెండో స్థానం వచ్చింది.

ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించని విషయం ఆయన ఆడిన తీరు. ఆయన వేగంగా పరుగెత్తగలవాడు కాదు, పొడగరి కూడా కాదు. అయినా ఆయన దగ్గర బంతి లాక్కోవడం డిఫెండర్లకు గగనమయ్యేది. వీడియోలో ఆయన నడుము కింది భాగాన్ని మాత్రమే గమనించండి. వెనకనుంచి డిఫెండర్ ఆనుకుంటే, ఆ బరువును తోసిపుచ్చకుండా తన వీపుతో దాన్ని కాచుకుని, ఎదుటివాడు ఏ కాలి మీద ఉన్నాడో ఆ తాకిడితోనే తెలుసుకునేవారు. అతను ఎడమ కాలి మీద బరువు వేయగానే రెండో పక్కకు తిరిగేవారు. బంతికీ డిఫెండర్‌కూ మధ్య మోచేతులు కొద్దిగా విప్పి, మోకాళ్లు వంచి, పిరుదులు వెనక్కి పెట్టి నిలబడే ఆ భంగిమను మా పిల్లలు మొదట చూసి నవ్వుతారు. పది నిమిషాలు అలా నిలబడి ఆడి చూశాక నవ్వడం మానేస్తారు, ఎందుకంటే బంతి నిజంగానే పోదు. ఆ పైన, తిరిగేలోపు పాస్ ఎవరికివ్వాలో ఆయనకు ముందే తెలిసి ఉండేది. లివర్‌పూల్ స్ట్రైకర్ ఇయాన్ రష్ చేసిన వందల గోల్స్‌లో ఎన్నో ఇలా డాల్‌గ్లీష్ కాళ్ల దగ్గర మొదలైనవే. రష్ పరుగు మొదలుపెట్టడం, డాల్‌గ్లీష్ తల ఎత్తకుండానే బంతిని ఆ దారిలో విడవడం ఒకే క్షణంలో జరిగేవి.

1978 మే 10న వెంబ్లీలో క్లబ్ బ్రూజ్‌తో యూరోపియన్ కప్ ఫైనల్ జరిగింది. బెల్జియం జట్టు గోల్ ముందు గోడ కట్టినట్టు కాపు కాసింది. 64వ నిమిషంలో సహచరుడు గ్రేమ్ సూనెస్ నేర్పుగా విడిచిన పాస్ కుడివైపు పెనాల్టీ ప్రాంతంలో డాల్‌గ్లీష్‌కు చేరింది. గోల్‌కీపర్ యెన్సెన్ ముందుకు దూసుకొచ్చాడు. అలాంటి చోట మామూలు స్ట్రైకర్ వెంటనే బలంగా తంతాడు, బంతి కీపర్ ఒంటికి తగులుతుంది. డాల్‌గ్లీష్ ఒక్క క్షణం ఆగారు. కీపర్ నేల మీదికి వాలడం మొదలయ్యాక, అతని మీదుగా బంతిని మెల్లగా లేపి అవతలి మూలకు పంపించారు. ఆ గోల్ తర్వాత ప్రకటనల బోర్డు మీదుగా దూకి అభిమానుల వైపు పరుగెత్తిన ఆయన ముఖంలోని నవ్వు చూడండి. ఇబ్రాక్స్‌లో లేసు కట్టుకున్నవాడే ఇక్కడ కీపర్‌ను ముందుగా నిర్ణయం తీసుకోనిచ్చాడు. మేనేజర్ బాబ్ పైస్లీ నలభై ఏళ్లకు పైగా లివర్‌పూల్ సొంత మైదానమైన ఆన్‌ఫీల్డ్‌లో గడిపిన మనిషి. అక్కడ తాను చూసిన వారందరిలో అత్యంత ప్రతిభావంతుడు డాల్‌గ్లీషే అని ఆయన చెప్పారు.

ఇప్పుడు మీరు చెప్పిన విస్తరి దగ్గరికి వద్దాం. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో, యువెంటస్‌తో జరగవలసిన యూరోపియన్ కప్ ఫైనల్‌కు ముందు లివర్‌పూల్ అభిమానుల గుంపు ఒకటి పక్క భాగంలోని ప్రేక్షకుల మీదికి దూసుకెళ్లింది. తొక్కిసలాటలో గోడ కూలి 39 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఇటలీవారు. మేనేజర్ జో ఫేగన్ అప్పటికే విరమించుకోవాలని నిశ్చయించుకున్నారు. మరునాడే లివర్‌పూల్ క్లబ్బు 34 ఏళ్ల డాల్‌గ్లీష్‌ను ఆటగాడిగా కొనసాగిస్తూనే మేనేజర్‌గా ప్రకటించింది. ఇంగ్లీషు క్లబ్బులన్నిటినీ యూరప్ పోటీల నుంచి బహిష్కరించారు. క్లబ్బు పేరు అవమానంతో నిండిపోయింది. సూనెస్ ఏడాది ముందే ఇటలీకి వెళ్లిపోయాడు. ఫిల్ నీల్, అలన్ కెనెడీ చివరి దశకు వచ్చేశారు, ఆ సీజన్‌లోనే క్లబ్బు విడిచారు. పొరుగున ఉన్న ఎవర్టన్ అప్పుడే లీగ్ ఛాంపియన్ అయి, లివర్‌పూల్‌ను దాటిపోయింది. నిన్నటిదాకా డ్రెస్సింగ్ రూములో పక్కన కూర్చుని బట్టలు మార్చుకున్న స్నేహితులకు, ‘ఈ శనివారం నీకు చోటు లేదు’ అని చెప్పవలసిన పని ఆయన మీద పడింది. దీన్ని వడ్డించిన విస్తరి అనడం నాకు న్యాయంగా తోచదు. పైస్లీ సలహాదారుగా పక్కన ఉన్నారన్నదీ, అనుభవజ్ఞులైన శిక్షకుల బృందం చెక్కుచెదరకుండా ఉన్నదన్నదీ మాత్రం నిజమే, అది పెద్ద అండే.

ఆ మొదటి సీజన్‌లో, 1986 ఫిబ్రవరి 22న ఆన్‌ఫీల్డ్‌లో ఎవర్టన్ 2–0తో గెలిచినప్పుడు టైటిల్ చేజారిందనే అందరూ అనుకున్నారు. అంతవరకు తనను తాను ఎక్కువగా జట్టు బయటే ఉంచుకున్న డాల్‌గ్లీష్ మళ్లీ మైదానంలోకి దిగారు. మిగిలిన పన్నెండు లీగ్ మ్యాచ్‌లలో లివర్‌పూల్ పదకొండు గెలిచి ఒకటి డ్రా చేసుకుంది. మే 3న చెల్సీ మైదానంలో టైటిల్‌ను ఖాయం చేసిన ఒకే ఒక్క గోల్ ఆయనదే. జిమ్ బెగ్లిన్ పైకి లేపి ఇచ్చిన బంతిని ఛాతీ మీద దించుకుని, అది నేలను తాకకముందే కుడికాలితో అవతలి మూలకు కొట్టారు. వారం తర్వాత ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో ఎవర్టన్‌ను 3–1తో ఓడించారు. ఒకే సీజన్‌లో లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలవడం లివర్‌పూల్ చరిత్రలో అదే మొదటిసారి. పాత మేనేజర్లైన షాంక్లీ గానీ పైస్లీ గానీ చేయలేని పని అది. ఆటగాడిగా ఉంటూ మేనేజర్‌గా ఆ రెండూ గెలిచినవారు అంతకుముందు ఇంగ్లండ్‌లో ఎవరూ లేరు.

అయినా మీరు ‘అది పాత జట్టే కదా’ అనవచ్చు. ఒప్పుకుంటాను. అందుకే నేను 1986 కన్నా 1987–88 సీజన్‌నే ఆయన అసలు సృష్టిగా లెక్కపెడతాను. రష్‌ను యువెంటస్‌కు అమ్మేశారు. తాను ఆడటం దాదాపు మానేశారు. అంటే గోల్స్ చేసే మనిషీ, వాటికి బంతి అందించే మనిషీ ఇద్దరూ లేరు. ఆ ఖాళీని ఆయన ఇద్దరితో పూడ్చలేదు, ముందు వరుస మొత్తాన్ని కొత్తగా కూర్చారు. ఆక్స్‌ఫర్డ్ నుంచి జాన్ ఆల్డ్రిడ్జ్‌ను, వాట్‌ఫర్డ్ నుంచి 9 లక్షల పౌండ్లకు జాన్ బార్న్స్‌ను, న్యూకాజిల్ నుంచి 19 లక్షల పౌండ్లకు పీటర్ బియర్డ్స్లీని, ఆ తర్వాత రే హౌటన్‌ను తెచ్చారు. మధ్యలో ఆడిన స్టీవ్ మెక్‌మహన్ 1985లో ఆయన తెచ్చినవాడే. ఒక్కొక్కరిని విడివిడిగా చూస్తే మంచి ఆటగాళ్లు. కలిపి చూస్తే ఒకరి లోటు మరొకరితో తీరేలా ఏరిన మనుషులు. బార్న్స్ ఎడమ పక్కన ఇద్దరు డిఫెండర్లను లాగితే, ఆ ఖాళీలోకి బియర్డ్స్లీ జారేవాడు. బియర్డ్స్లీ వెనక్కి వస్తే ఆల్డ్రిడ్జ్ ముందుకు పరుగెత్తేవాడు. డాల్‌గ్లీష్ తన కాళ్లతో చేసిన పనిని నలుగురికి పంచి పెట్టారు.

ఆ జట్టు మొదటి 29 లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడిపోలేదు. మొత్తం 40 మ్యాచ్‌లలో రెండే ఓటములు, 87 గోల్స్, 90 పాయింట్లు. 1988 ఏప్రిల్ 13న నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ను 5–0తో ఓడించిన మ్యాచ్‌ను చూసిన టామ్ ఫినీ, తన జీవితంలో ఇంతకు మించిన ఆట చూడలేదని మెచ్చుకున్నారు. ఫినీ స్వయంగా ఇంగ్లండ్ మహా ఆటగాళ్లలో ఒకరు, మాట తూకం తెలిసినవారు. అదే జట్టు కప్ ఫైనల్‌లో వింబుల్డన్ చేతిలో 1–0తో ఓడిందన్నది కూడా చెప్పాలి. ఆల్డ్రిడ్జ్ పెనాల్టీని డేవ్ బెసంట్ ఆపేశాడు.

1989 ఏప్రిల్ 15 గురించి చెప్పకుండా ఆయన మేనేజర్ జీవితాన్ని తూచలేం. షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్ మొదలైన ఆరు నిమిషాలకే ఆట ఆపవలసి వచ్చింది. గోల్ వెనక కంచెలు వేసిన ప్రేక్షకుల భాగంలో జనం నలిగిపోతున్నారు. పిల్లలు, యువకులు, తండ్రులు, కూతుళ్లు, మొత్తం 97 మంది లివర్‌పూల్ అభిమానులు ఆ ప్రమాదం వల్ల చనిపోయారు. తప్పు అభిమానులదేనని అప్పట్లో పోలీసులు, కొన్ని పత్రికలు నిందించాయి. ఆ నింద అబద్ధమని, వారు చట్టవిరుద్ధంగా చంపబడ్డారని 2016లో విచారణ జ్యూరీ తేల్చేసరికి ఇరవై ఏడేళ్లు గడిచాయి.

ఆ రోజు మైకులో జనాన్ని ప్రశాంతంగా ఉండమని కోరిన గొంతు డాల్‌గ్లీష్‌దే. తర్వాతి రోజుల్లో ఆన్‌ఫీల్డ్ తలుపులు తెరిచి ఉంచారు. మైదానం గోల్ నుంచి సగం దాకా పూలతో నిండిపోయింది. డాల్‌గ్లీష్, ఆయన భార్య మరీనా, ఆటగాళ్లు, వారి భార్యలు క్లబ్బులోనే ఉండి, వచ్చిన కుటుంబాలకు టీ ఇచ్చి, పక్కన కూర్చుని, వారు చెప్పుకున్నది విన్నారు. ఆయన అంత్యక్రియల తర్వాత అంత్యక్రియలకు వెళ్లారు. ఒకే రోజు నాలుగింటికి వెళ్లిన సందర్భమూ ఉంది. ముప్పై ఎనిమిదేళ్ల ఫుట్‌బాల్ మేనేజర్‌కు ఇలాంటి పనికి శిక్షణ ఎవరిచ్చారు? ఒక నగరం దుఃఖాన్ని మోయడం ఆయన ఉద్యోగంలో భాగం కాదు, అయినా మోశారు. లివర్‌పూల్‌లో ఆయన పేరును నేటికీ అంత గౌరవంతో పలకడానికి మూల కారణం ఆయన గెలిచిన కప్పులకన్నా ఈ కొన్ని వారాలేనని నా నమ్మకం.

ఆ మే నెలలో ఎవర్టన్‌ను ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచారు. ఆరు రోజుల తర్వాత ఆర్సెనల్ ఆన్‌ఫీల్డ్‌కు వచ్చి చివరి క్షణాల్లో మైకేల్ థామస్ కొట్టిన గోల్‌తో 2–0గా గెలిచి టైటిల్ పట్టుకుపోయింది. రెండు జట్లకూ 76 పాయింట్లు, గోల్స్ తేడా కూడా సమానం. ఎక్కువ గోల్స్ చేసినందుకు ఆర్సెనల్ ఛాంపియన్ అయింది. 1990లో లివర్‌పూల్ మళ్లీ లీగ్ గెలిచింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు గెలవలేదు.

1991 ఫిబ్రవరి 20న ఎవర్టన్‌తో వారి మైదానమైన గూడిసన్ పార్క్‌లో ఎఫ్ఏ కప్ మ్యాచ్ 4–4తో ముగిసింది. లివర్‌పూల్ నాలుగుసార్లు ముందుకు వెళ్లి నాలుగుసార్లూ పట్టు వదిలింది. రెండు రోజుల తర్వాత డాల్‌గ్లీష్ రాజీనామా చేశారు. జట్టు అప్పుడు లీగ్‌లో అగ్రస్థానంలో ఉంది. ఆ మ్యాచ్‌లో ఏ మార్పు చేయాలో తనకు తెలిసినా నిర్ణయం తీసుకోలేకపోయానని ఆయన తర్వాత చెప్పుకున్నారు. నేను ఈ మాటను చాలాసార్లు తలచుకున్నాను. వెంబ్లీలో కీపర్ పడేదాకా ఆగడం ఆయన ఎంచుకున్న ఆగడం. గూడిసన్‌లో ఆగిపోవడం ఒంట్లో శక్తి ఇంకిపోయిన మనిషి ఆగిపోవడం. హిల్స్‌బరో నుంచి రెండేళ్లుగా మోసిన బరువు అది. దాన్ని పిరికితనమని రాసినవారు అప్పట్లో ఉన్నారు. వారు పొరబడ్డారని గట్టిగా చెబుతాను.

ఇక డబ్బు సంగతి. 1991 అక్టోబరులో ఆయన బ్లాక్‌బర్న్ రోవర్స్‌కు వెళ్లారు. ఈ క్లబ్బు పేరు మన పాఠకుల్లో చాలామందికి 2010లో పుణేకు చెందిన వెంకీస్ కోళ్ల సంస్థ కొన్నప్పుడే తెలిసి ఉంటుంది. డాల్‌గ్లీష్ వెళ్లేనాటికి అది రెండో డివిజన్‌లో ఉన్న చిన్న పట్టణపు క్లబ్బు. చివరిసారి లీగ్ గెలిచింది 1914లో. ఉక్కు వ్యాపారంలో సంపాదించిన జాక్ వాకర్ తన ఊరి జట్టు మీద ప్రేమతో డబ్బు పెట్టాడు. డబ్బు లేకుంటే ఆ టైటిల్ వచ్చేది కాదు. ఇందులో వాదనకు తావు లేదు. కానీ అదే కాలంలో అంతకన్నా ఎక్కువ ఖర్చుపెట్టగల పెద్ద క్లబ్బులు ఎన్నో ఉన్నాయి. మాంచెస్టర్ యునైటెడ్ కూడా కోరుకున్న అలన్ షియరర్‌ను 1992లో ఈ చిన్న ఊరికి రప్పించింది డబ్బు ఒక్కటే అనుకోను. సాధనకు వాళ్లకున్నది శ్మశానవాటిక పక్కనున్న మైదానం. శవయాత్ర దాటేటప్పుడు ఆట ఆపి నిలబడేవారని ఆనాటి ఆటగాళ్లు చెప్పారు. అలాంటి చోటికి దేశంలోకెల్లా మంచి స్ట్రైకర్ వచ్చాడంటే, ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషి మీద గురి కుదిరింది గనుకనే.

మొదటి సీజన్‌లోనే, పై డివిజన్‌కు వెళ్లే చివరి చోటు కోసం ఆడే ప్లేఆఫ్ ఫైనల్‌లో లెస్టర్‌ను 1–0తో ఓడించి కొత్తగా మొదలవుతున్న ప్రీమియర్ లీగ్‌లోకి ఎక్కించారు. ఆ తర్వాత నాలుగో స్థానం, రెండో స్థానం, 1994–95లో మొదటి స్థానం. ఈ మెట్లు చూస్తే ఇది ఒక్క ఏడాది అదృష్టం కాదని తెలుస్తుంది. సహాయకుడు రే హార్ఫర్డ్ రోజువారీ సాధన చూసుకునేవారు. ఆట తీరు లివర్‌పూల్ ఆట వంటిది కాదు: పక్కల నుంచి క్రాస్‌లు, మధ్యలో షియరర్, క్రిస్ సట్టన్. షియరర్ ఆ సీజన్‌లో 34 లీగ్ గోల్స్ చేశాడు. ఉన్న మనుషులకు తగిన ఆట ఆడించడం అంటే ఇదే. అందంగా లేదని అప్పుడూ విమర్శించారు, ఇప్పుడూ విమర్శిస్తారు. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. 1988 జట్టును చూసిన కళ్లకు ఈ జట్టు సాదాగానే కనిపిస్తుంది.

ఆఖరి రోజు, 1995 మే 14న, విధి ఆయన్ను ఆన్‌ఫీల్డ్‌కే తీసుకెళ్లింది. లివర్‌పూల్ చివరి క్షణాల్లో జేమీ రెడ్‌నాప్ ఫ్రీకిక్‌తో 2–1గా గెలిచింది. బ్లాక్‌బర్న్ ఓడిపోయింది. అంతలోనే లండన్‌లో వెస్ట్‌హామ్‌తో మాంచెస్టర్ యునైటెడ్ 1–1తో ఆగిపోయిందన్న కబురు వచ్చింది. బ్లాక్‌బర్న్‌కు 89 పాయింట్లు, యునైటెడ్‌కు 88, టైటిల్ బ్లాక్‌బర్న్‌దే. తమ జట్టు గెలిచిన రోజున లివర్‌పూల్ జనం ఓడిన జట్టు మేనేజర్ కోసం లేచి చప్పట్లు కొట్టారు. రెండు వేర్వేరు క్లబ్బులతో ఇంగ్లండ్ లీగ్ గెలిచిన నాలుగో మేనేజర్ ఆయన. అంతకుముందు టామ్ వాట్సన్, హెర్బర్ట్ చాప్‌మన్, బ్రయన్ క్లఫ్ మాత్రమే ఆ పని చేశారు. ఆ వేసవిలో ఆయన జట్టు పగ్గాలు హార్ఫర్డ్‌కు ఇచ్చి డైరెక్టర్ పదవికి మారారు. అది పొరపాటని నా అభిప్రాయం. పునాది ఇంకా ఆరని ఇంటిని మధ్యలో వదిలినట్టయింది.

ఆ తర్వాతి ఘట్టాల్లో ఆయన్ను వెనకేసుకు రావడానికి నాకు అంత ఆధారం లేదు. 1997 జనవరిలో మరోసారి కీగన్ ఖాళీ చేసిన చోటుకే, ఈసారి న్యూకాజిల్ మేనేజర్‌గా వెళ్లారు. ఆ సీజన్‌లో జట్టు రెండో స్థానంలో నిలిచింది, సెప్టెంబరులో బార్సిలోనాను 3–2తో ఓడించింది. కానీ లెస్ ఫెర్డినాండ్‌ను అమ్మిన సమయంలోనే షియరర్ గాయపడ్డాడు. వయసు మీరిన రష్, బార్న్స్‌లను తేవడం ఫలించలేదు. జట్టు 13వ స్థానానికి పడిపోయింది, ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో ఆర్సెనల్ చేతిలో ఓడింది, 1998 ఆగస్టులో ఆయన్ను తొలగించారు. షే గివెన్, గ్యారీ స్పీడ్, నోల్బెర్టో సొలానో వంటి ఆయన తెచ్చిన ఆటగాళ్లు ఆ క్లబ్బుకు ఏళ్ల తరబడి సేవ చేశారన్నది అప్పటి కోపంలో ఎవరికీ కనిపించలేదు. 1999లో సెల్టిక్‌కు డైరెక్టర్‌గా వెళ్లి, బార్న్స్‌ను కోచ్‌గా పెట్టి, ఇన్వర్నెస్ అనే చిన్న జట్టు చేతిలో సొంత మైదానంలో 3–1తో ఓడిపోయాక తానే తాత్కాలికంగా పగ్గాలు పట్టారు. స్కాటిష్ లీగ్ కప్ గెలిచినా ఆ వేసవిలో ఆ అధ్యాయం ముగిసింది.

పదేళ్ల విరామం తర్వాత, 2011 జనవరిలో, లివర్‌పూల్ పతనంలో ఉన్నప్పుడు మళ్లీ పిలిచారు. ఆరో స్థానానికి తెచ్చారు. 2012 ఫిబ్రవరిలో కార్డిఫ్‌ను పెనాల్టీల్లో ఓడించి లీగ్ కప్ గెలిచారు, ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో చెల్సీతో 2–1 తేడాతో ఓడారు, లీగ్‌లో ఎనిమిదో స్థానంలో నిలిచారు, మే 16న పదవి పోయింది. 3.5 కోట్ల పౌండ్లకు ఆండీ కారల్‌ను కొనడం పెద్ద పొరపాటే. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు ప్యాట్రిస్ ఎవ్రా మీద జాతి దూషణ కేసులో లివర్‌పూల్ స్ట్రైకర్ లూయిస్ సువారెజ్‌కు శిక్ష పడినప్పుడు, జట్టంతా అతని బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకోవడాన్ని నేను సమర్థించలేను. తన ఆటగాడిని కాపాడుకోవాలన్న ఆయన స్వభావమే అక్కడ ఆయన్ను తప్పుదారి పట్టించింది. బాధితుడి వైపు చూడవలసిన చోట చూడలేకపోయారు. అయితే 2011 వేసవిలో సండర్లాండ్ నుంచి ఆయన తెచ్చిన ఇరవై ఏళ్ల జోర్డన్ హెండర్సన్‌ను అందరూ దండగ కొనుగోలు అన్నారు. అతనే 2019లో ఛాంపియన్స్ లీగ్‌ను, 2020లో ముప్పై ఏళ్ల నిరీక్షణ తర్వాత లీగ్ ట్రోఫీని కెప్టెన్‌గా పైకెత్తాడు.

కాబట్టి తూకం ఇలా వేస్తాను: 1986 జట్టులో సగం వారసత్వం, 1988 జట్టు పూర్తిగా ఆయన కట్టడం, బ్లాక్‌బర్న్‌లో డబ్బు వాకర్‌ది, చూపు డాల్‌గ్లీష్‌ది, ఆ తర్వాతవి మామూలు ఫలితాలు. 2017లో ఆన్‌ఫీల్డ్‌లోని ఒక స్టాండ్‌కు ఆయన పేరు పెట్టారు, 2018లో సర్ బిరుదు వచ్చింది. ఆ బిరుదు ఫుట్‌బాల్‌కు మాత్రమే ఇవ్వలేదు. దాతృత్వానికీ, లివర్‌పూల్ నగరానికి చేసిన సేవకూ కలిపి ఇచ్చారు.

ఏ మ్యాచ్ చూడాలని అడిగారు గదా, ముందుగా 1988 ఏప్రిల్ 13 నాటి ఫారెస్ట్ మ్యాచ్ చూడండి. డాల్‌గ్లీష్ అందులో ఆడలేదు. ఒకసారి బంతిని చూస్తూ చూడండి, రెండోసారి బంతిని వదిలేసి, అది లేని ముగ్గురు ఎటు పరుగెత్తుతున్నారో మాత్రమే చూడండి. ఆ తర్వాత 1986 మే 3 నాటి చెల్సీ గోల్ పెట్టుకుని, బెగ్లిన్ కాలు బంతిని తాకకముందే డాల్‌గ్లీష్ ఎక్కడికి బయల్దేరారో గమనించండి.